పండుగ వారంలో పరాయి ఇంట్లో: విదేశంలో ఆతిథ్య కుటుంబంతో ఉండబోయే పిల్లలకు, వారి తల్లిదండ్రులకు

పిల్లలూ, ఇది మీరు కూడా చదవాలి. వీలైతే ఇంట్లో అమ్మానాన్నలతో కలిసి కూర్చుని చదవండి.

మొన్న తల్లిదండ్రుల సభ అయ్యాక పదో తరగతి అమ్మాయి ఒకతి వెనక ఆగింది. వాళ్ల నాన్న గనిలో షిఫ్టు డ్యూటీ చేస్తారు, సభకు అమ్మ వచ్చారు. విద్యార్థి మార్పిడి కార్యక్రమం గురించి నోటీసు బోర్డు మీద పెట్టిన కాగితం ఆ అమ్మాయి చదివింది. "సార్, అక్కడ వాళ్ల పండుగ వస్తే వాళ్లు నన్ను చర్చికి రమ్మంటారు కదా. నేను రానంటే నన్ను వెనక్కి పంపేస్తారా?" అని అడిగింది. పక్కనే ఉన్న వాళ్లమ్మ అడగాలనుకున్నది వేరే: "పిల్ల అక్కడ ఏం తింటదండీ?"

రెండూ మంచి ప్రశ్నలే. ఇద్దరికీ అప్పుడు సగం సగం జవాబు చెప్పి పంపాను. పూర్తి జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఇదే అనుమానం ఇంకా చాలా ఇళ్లలో ఉంటుందని తెలుసు.

అసలు ఆతిథ్య కుటుంబం అంటే ఎవరు?

విద్యార్థి మార్పిడి కార్యక్రమంలో వెళ్లిన పిల్లలు హాస్టల్లో ఉండరు. అక్కడి ఒక కుటుంబం తమ ఇంట్లో పెట్టుకుంటుంది. పిల్ల ఆ ఊరి బడికే పోతుంది, వాళ్లతోనే భోంచేస్తుంది, ఇంటి పనిలో ఒక చెయ్యి వేస్తుంది. అతిథి లాగా కాదు, ఇంటి పిల్ల లాగా ఉండాలి.

ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, గాయపడిన సైనికులను మోసుకెళ్లడానికి అమెరికా నుంచి ఫ్రాన్స్‌కు వెళ్లిన అంబులెన్సు డ్రైవర్లతో అమెరికన్ ఫీల్డ్ సర్వీస్ మొదలైంది. రెండు యుద్ధాలు చూసినవాళ్లు, పిల్లలు ఒకరి ఇంట్లో ఒకరు ఉంటే దేశాల మధ్య పగ తగ్గుతుందని నమ్మి, 1947లో బడి పిల్లల మార్పిడి మొదలుపెట్టారు. ఆ సంస్థే ఇవాళ ఏఎఫ్‌ఎస్ పేరుతో భారతదేశంలో కూడా పనిచేస్తోంది. రోటరీ క్లబ్బుల యూత్ ఎక్స్ఛేంజ్ ఇంకొకటి. అందులో విద్యా సంవత్సరం మొత్తం ఉండే పిల్లలు మామూలుగా ఒకటి కంటే ఎక్కువ కుటుంబాల్లో ఉంటారు. అంటే పండుగకు ముందే ఇల్లు మారవలసి రావచ్చు, అది కూడా మనసులో పెట్టుకోండి. 2002లో అమెరికా ప్రభుత్వం పూర్తి స్కాలర్‌షిప్‌తో మొదలుపెట్టిన 'యెస్' కార్యక్రమంలో మన దేశం నుంచి కూడా హైస్కూలు పిల్లలు వెళ్లారు. ఏ ఏడాది ఏది నడుస్తోందో ఆ ఏడాది ఆ సంస్థ దగ్గరే నేరుగా కనుక్కోవాలి, ఏజెంటు మాట మీద కాదు.

అమెరికాకు వెళ్లే హైస్కూలు మార్పిడి విద్యార్థుల విషయంలో అక్కడి ప్రభుత్వ నియమాలు గట్టిగానే ఉన్నాయి. వయసు 15 నుంచి 18 సంవత్సరాల 6 నెలల లోపు ఉండాలి. సంస్థ మనిషి ఆ ఇంటికి స్వయంగా వెళ్లి చూడాలి. ఆ ఇంట్లో 18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి నేర చరిత్ర పరిశీలించాలి. పిల్లకు సొంత మంచం ఉండాలి. స్థానిక సమన్వయకర్త నెలకు ఒకసారైనా పిల్లతో మాట్లాడాలి. ఆతిథ్య కుటుంబానికి జీతం గానీ, అద్దె గానీ ఉండదు, వాళ్లు ఇష్టపడి పెట్టుకుంటారు. భాషా కోర్సుల కోసం డబ్బు తీసుకుని గది ఇచ్చే ఇళ్లు వేరే సంగతి, రెంటినీ కలిపి చూడొద్దు.

ఏ వారం వస్తుంది?

ఆగస్టులోనో సెప్టెంబరులోనో వెళ్లిన పిల్లలు క్రిస్మస్, ఈస్టర్ రెండూ అక్కడే చూస్తారు. క్రిస్మస్ గురించి మనకు కొంత తెలుసు, డిసెంబరు 25 తేదీ మారదు. ఈస్టర్ వారం గురించే మన ఇళ్లలో తక్కువ తెలుసు.

ఈస్టర్ లెక్క మన పంచాంగానికి దూరం కాదు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి చూసి, దాని తర్వాతి ఆదివారం ఈస్టర్ అంటారు. అందుకే అది మార్చి 22, ఏప్రిల్ 25 మధ్య ఎప్పుడైనా రావచ్చు. చాలా ఏళ్లు ఆ పున్నమి మన చైత్ర పున్నమే అవుతుంది. చంద్రపూర్‌లో మహాకాళి యాత్ర జరిగే చైత్రం, మహారాష్ట్రలో హనుమాన్ జయంతి చేసే పున్నమి అన్నమాట. 2026లో హనుమాన్ జయంతి ఏప్రిల్ 2, ఈస్టర్ ఏప్రిల్ 5. కొన్నేళ్లు మాత్రం హోలీ పున్నమి వెనకే వస్తుంది. 2024లో అలాగే వచ్చింది, 2027లో కూడా మార్చి 28న అలాగే వస్తుంది. గ్రీసు లాంటి దేశాల్లోని ఆర్థడాక్స్ క్రైస్తవుల లెక్క వేరు. 2025లో రెండూ ఏప్రిల్ 20నే పడ్డాయి గానీ 2026లో వాళ్లది ఏప్రిల్ 12.

ఆ వారంలో రోజులు ఇలా ఉంటాయి. మొదట మట్టల ఆదివారం, చేతిలో ఆకులో మట్టలో పట్టుకుని వెళ్తారు. గురువారం యేసు శిష్యులతో చేసిన చివరి భోజనాన్ని తలుచుకుంటారు. శుక్రవారం గుడ్ ఫ్రైడే, శిలువ మరణం జరిగిన రోజు. పేరులో 'గుడ్' ఉంది కదా అని ఆ పొద్దున "హ్యాపీ గుడ్ ఫ్రైడే" అని చెప్పకండి. అది దుఃఖ దినం. ఆదివారం ఈస్టర్, ఆ రోజు సంతోషంగా "హ్యాపీ ఈస్టర్" అనొచ్చు.

దేశాన్ని బట్టి తీరు మారుతుంది. స్పెయిన్‌లో ఆ వారమంతా వీధుల్లో పెద్ద ఊరేగింపులు తీస్తారు. పొడవాటి మొన టోపీతో ముఖం కప్పుకున్న మనుషులు కొవ్వొత్తులు పట్టుకుని నడుస్తారు. తెలియకపోతే చూసి భయపడతారు, అది వాళ్ల పశ్చాత్తాప వేషం, అంతే. జర్మనీలో గుడ్ ఫ్రైడే, ఈస్టర్ సోమవారం రెండూ సెలవులే, దుకాణాలు మూసి ఉంటాయి. మీకు కావలసినవి గురువారమే తెచ్చి పెట్టుకోండి. అమెరికాలో పిల్లలు తోటలో దాచిన రంగు గుడ్లు వెతుకుతారు. చాలా ఇళ్లలో చర్చి కంటే ఆ ఆట, ఆ భోజనమే ముఖ్యం. అసలు చర్చికే పోని కుటుంబాలు కూడా ఎన్నో ఉంటాయి.

మీ ఆతిథ్య కుటుంబం యూదులదైతే అదే రోజుల్లో పాసోవర్ రావచ్చు. ఆ రోజుల్లో వాళ్లు పులిసిన రొట్టె ముట్టరు, పులిసిన పిండితో చేసినవి ఇంట్లో ఉంచరు. మీరు ప్రేమగా చపాతీ చేసి పెడదామనుకుంటే ముందు అడగాలి. ముస్లిం కుటుంబమైతే రంజాన్ ఉపవాసాలు, ఈద్. వీటి సంగతి చంద్రపూర్ పిల్లలకు నేను చెప్పక్కర్లేదు, మన పక్కింట్లోనే చూస్తున్నారు.

చర్చికి రమ్మంటే?

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. రానంటే వెనక్కి పంపరు. పేరున్న మార్పిడి కార్యక్రమాలు పాటించే పద్ధతి ఏమిటంటే, కుటుంబం ఆహ్వానించవచ్చు, బలవంతపెట్టకూడదు. మత్తు పదార్థాలు వాడితే, బండి నడిపితే, చట్టం మీరితే వెనక్కి పంపుతారు. ప్రార్థనకు పోనందుకు కాదు. కుటుంబంతో పొసగకపోతే వేరే కుటుంబానికి మార్చే ఏర్పాటు కూడా ఉంటుంది.

అయితే పోవాలా వద్దా అనేది వేరే ప్రశ్న. అది మీ ఇంట్లో, బయల్దేరక ముందే మాట్లాడుకోవాలి. పోయి కూర్చుని చూసినంత మాత్రాన మతం మారినట్టు కాదు. మన దగ్గర అక్టోబరులో దీక్షాభూమికి జనం పోతారు, మొహర్రంలో పీర్లు చూడటానికి పోతారు, క్రిస్మస్‌కు క్లాస్‌మేట్ ఇంటికి కేకు తినడానికి పోతారు. అలాంటిదే అనుకుని వెళ్లే పిల్లలుంటారు. "మాకు ఇష్టం లేదు" అనే కుటుంబాలుంటాయి, వాళ్ల మాటకూ అంతే విలువ ఉంది. కానీ నిర్ణయం ఏదైనా పిల్లకు ముందే తెలియాలి. ఆదివారం పొద్దున బూట్లు వేసుకుని అందరూ వాకిట్లో నిలబడ్డప్పుడు, చంద్రపూర్‌కు ఫోన్ చేసి అమ్మను అడిగే పరిస్థితి పిల్లకు రానివ్వకండి.

వెళ్తే ఇవి గుర్తు పెట్టుకోండి.

చెప్పులు, బూట్లు విప్పక్కర్లేదు. తెలుగు నాట చాలా చర్చిల్లో బయటే విప్పుతాం, అక్కడ విప్పితే మీరొక్కరే వట్టి కాళ్లతో ఉంటారు.

అందరూ నిలబడితే మీరూ నిలబడండి. మోకరించడం, శిలువ గుర్తు వేసుకోవడం మీరు చెయ్యక్కర్లేదు. ఊరికే కూర్చుంటే ఎవరూ తప్పు పట్టరు.

క్యాథలిక్ చర్చిలో రొట్టె పంచేటప్పుడు వరుసలో పోయి చెయ్యి చాపకండి. మన గుడిలో ప్రసాదం ఎవరికైనా పెడతారు, వద్దంటే తప్పనుకుంటాం. అక్కడ సరిగ్గా తిరగేసి ఉంటుంది. అది తమ సభ్యులకు మాత్రమే ఇచ్చేది, మీరు తీసుకుంటేనే వాళ్లకు ఇబ్బంది. మీ సీటులోనే కూర్చోండి.

వెళ్లకపోతే ముందు రోజు రాత్రే చెప్పండి, పొద్దున కాదు. "థాంక్యూ ఫర్ ఇన్వైటింగ్ మీ, ఐ విల్ స్టే హోమ్ అండ్ హెల్ప్ విత్ లంచ్" అంటే చాలు. కారణాలు వివరించక్కర్లేదు, వాళ్ల మతం గురించి ఒక్క మాట కూడా అనక్కర్లేదు. అన్నట్టుగానే వాళ్లు వచ్చేసరికి బల్ల సర్ది పెట్టండి, గిన్నెలు కడిగి పెట్టండి.

ఒకసారి వద్దన్నాక కూడా మళ్లీ మళ్లీ ఒత్తిడి చేస్తే, మీ నమ్మకాన్ని ఎగతాళి చేస్తే, దాన్ని మనసులో దాచుకోకండి. సమన్వయకర్తకు ఫోన్ చేసి చెప్పండి. అది చాడీ కాదు. ఆ మనిషి ఉన్నదే అందుకు.

పిల్ల ఏం తింటుంది?

అమ్మల ప్రశ్న ఇది. దీనికి జవాబు దరఖాస్తు నింపేటప్పుడే మొదలవుతుంది. అందులో తిండి గురించి అడుగుతారు. "వెజిటేరియన్" అని ఒక్క మాట రాసి వదలకండి. అక్కడ చాలామంది లెక్కలో చేప తినేవాళ్లు కూడా శాకాహారులే. కోడి ఎముకల నీళ్లతో చేసిన సూపును, ముక్క కనిపించకపోతే, శాకాహారమే అనుకుంటారు. కాబట్టి ఏవేవి తినరో విడివిడిగా రాయండి: మాంసం, చేప, గుడ్డు, మాంసం నీళ్లతో చేసినవి. గొడ్డు మాంసం మాత్రమే తినం, పంది మాంసం మాత్రమే తినం అనేవాళ్లు అదే రాయండి. పాలు, పెరుగు తింటాం అని కూడా రాయండి, లేకపోతే అవీ పెట్టరు.

పండుగ వారంలో తిండి మారిపోతుంది. క్యాథలిక్ ఇళ్లలో గుడ్ ఫ్రైడే నాడు మాంసం వండరు, చేప వండుతారు. "ఈ రోజు నీకు ఇబ్బంది లేదు" అని సంతోషంగా చేప పెట్టవచ్చు. వాళ్లు మంచికే అన్నారు, మీరు నవ్వుతూనే చెప్పండి. ఆదివారం భోజనంలో అమెరికాలో పంది తొడ మాంసం, గ్రీసు, ఇటలీలో గొర్రె మాంసం ఎక్కువ. ఈస్టర్‌కు ఇచ్చే మెత్తని తీపి బిళ్లల్లో, జెల్లీల్లో జెలటిన్ ఉంటుంది. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి వచ్చేది. పొట్లం వెనక చదివి తినండి. చాక్లెట్ గుడ్డు పేరుకే గుడ్డు, అది వట్టి ఆకారమే, అయినా దాని పొట్లం కూడా చదవండి!

అన్నిటికంటే మంచి ఉపాయం, ఒక వంట నేర్చుకుని వెళ్లడం. పులిహోర చాలు. నిమ్మకాయలు, బియ్యం, పసుపు, వేరుశనగలు ఎక్కడైనా దొరుకుతాయి. ఆదివారం బల్ల మీద మీ గిన్నె కూడా ఉంటే మీరు తినడానికి ఒకటి ఉంటుంది, వాళ్లకు మాట్లాడుకోవడానికీ ఒకటి ఉంటుంది. వెళ్లే ముందు మూడుసార్లైనా అమ్మ సాయం లేకుండా చేసి చూడండి. అబ్బాయిలకు కూడా ఇదే మాట.

ఇంటి నుంచి పొడులు, పచ్చళ్లు తీసుకెళ్లే ముందు ఆ దేశం నియమాలు చూడండి. పండ్లు, గింజలు, మాంసం లాంటివి చాలా చోట్ల పట్టుకుంటారు. తిండి ఏది ఉన్నా విమానాశ్రయంలో అధికారులకు ముందే చెప్పండి. దాచిపెట్టి దొరికితే జరిమానా. మన జిల్లా వెదురు బొమ్మ గానీ, బుట్ట గానీ బహుమతిగా తీసుకెళ్తే అది కూడా చెప్పండి. తడోబా పులి బొమ్మ ఉన్న క్యాలెండరైతే ఏ గొడవా లేదు.

బడి లేని రోజులే కష్టం

బడి ఉన్నన్నాళ్లు పొద్దు గడిచిపోతుంది. పండుగకు బడి మూస్తారు, తాతయ్యలు, మేనత్తలు, వాళ్ల పిల్లలు దిగుతారు. ఇల్లంతా నవ్వులు, పాత ముచ్చట్లు. ఆ ముచ్చట్లలో మీరు లేరు. సరిగ్గా అప్పుడే ఇక్కడ ఉగాది అయిపోయి ఉంటుంది, లేదా రాబోతూ ఉంటుంది. ఇల్లు గుర్తొచ్చి ఏడుపు వస్తుంది. అది బలహీనత కాదు, కుటుంబం మంచిది కాదని కూడా అర్థం కాదు.

అప్పుడు గదిలో తలుపు వేసుకుని ఫోన్ పట్టుకోకండి. వంటింట్లోకి వెళ్లి "ఏం చెయ్యను?" అని అడగండి. గుడ్లకు రంగులు వేసే పని చిన్న పిల్లలతో కలిసి చెయ్యండి. ముగ్గు వేసే చేతికి అది ఎంత పని! మన పండుగ గురించి అడిగితే చెప్పండి. అడగకపోతే ఉగాది నాడు మీరే అడిగి పచ్చడి చెయ్యండి. వేప పువ్వు దొరకదు, చేదుకు మెంతులు వేస్తే సరి. ఆరు రుచుల సంగతి చెప్తే ఎవరైనా వింటారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆ వారంలో రోజుకు నాలుగుసార్లు వీడియో కాల్ చెయ్యకండి. మీ ముఖం చూడగానే పిల్ల మళ్లీ మొదటికి వస్తుంది. ఒక వేళ పెట్టుకోండి, ఆ వేళకే మాట్లాడండి. లెక్క ఇదీ: ఏప్రిల్‌లో జర్మనీ, స్పెయిన్, ఇటలీ మనకంటే మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర. అమెరికా తూర్పు తీరం ఏప్రిల్‌లో తొమ్మిదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదిన్నర. మన రాత్రి తొమ్మిదికి న్యూయార్క్‌లో ఏప్రిల్‌లో పొద్దున పదకొండున్నర. ఈస్టర్ ఆదివారం ఆ వేళకు వాళ్లు చర్చిలోనో బల్ల దగ్గరో ఉంటారు, శనివారమే మాట్లాడేసుకోండి. మాట్లాడేటప్పుడు "ఏం తిన్నావ్" తర్వాత ఇంకొకటి కూడా అడగండి: "ఇవాళ వాళ్లు ఏం చేశారు, నువ్వేం చేశావు?" చివర్లో ఆ ఇంటి తల్లిని ఫోన్ దగ్గరకు పిలిపించి "హ్యాపీ ఈస్టర్" అని మీరు కూడా చెప్పండి. ఇంగ్లీషు రాకపోయినా ఆ రెండు మాటలు చాలు.

సంతకం పెట్టే ముందు

కుటుంబం పేరు, చిరునామా, ఇంట్లో ఎంతమంది ఉంటారు అనేవి ప్రయాణానికి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. సమన్వయకర్త పేరు, రాత్రీ పగలూ పనిచేసే ఫోన్ నంబరు, ఆరోగ్య బీమా కాగితం అడగండి. పాస్‌పోర్టు, వీసా, బీమా కాగితాల నకళ్లు ఒక జత మీ దగ్గర, ఒక జత పిల్ల దగ్గర ఉండాలి. అత్యవసర నంబరు అమెరికాలో 911, ఐరోపా సమాఖ్య దేశాల్లో 112. ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం నంబరు కూడా రాసి ఇవ్వండి, ఫోన్‌లోనే కాదు, కాగితం మీద. మతం, తిండి గురించి మీ ఇంటి నిర్ణయం ఏమిటో దరఖాస్తులో రాసి, ఆ పేజీ నకలు ఉంచుకోండి. రేపు ఏదైనా మాట వస్తే చూపించడానికి అదే ఆధారం.

ఇంకొక్క మాట. "మా పిల్లలు తెలుగు మీడియం, అంత దూరం పోయి పరాయి ఇంట్లో నెగ్గుకు రాలేరు" అని కొందరు తల్లిదండ్రులు అంటుంటారు. నాకు అలా అనిపించదు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బజారులో మరాఠీ, రైల్వే స్టేషనులో హిందీ. సంక్రాంతికి పక్కింటి వహిని పెట్టిన తిళ్‌గూళ్ తిని, మన అరిసెలు ఇచ్చి వస్తారు. రాజురా వైపు నుంచి వచ్చే పిల్లల తాతలు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లావాళ్లు. ఊరు కదల్లేదు, రాష్ట్రం మారింది, భాష మారింది, వాళ్లు సర్దుకున్నారు, తెలుగు వదలలేదు. ఇంకొకరి పండుగలో ఎలా మెలగాలో, తన పండుగ ఎలా నిలుపుకోవాలో అలాంటి ఇంటి పిల్లకు కొంత ముందే తెలుసు. మిగతాది నేర్పితే వస్తుంది.

ఆ అమ్మాయి దరఖాస్తు కాగితం తీసుకెళ్లింది. నాన్న సెలవు రోజున ముగ్గురూ కూర్చుని నింపి తెస్తామన్నారు. మీలో ఎవరికైనా అనుమానాలుంటే బడి వేళల్లో వచ్చి అడగండి. పిల్లను కూడా వెంట తీసుకురండి, ఎందుకంటే పోయేది తనే.